పాత బ్యాండ్ ఆఖరి షోకి 1,360 డాలర్లు పెట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు. 1993లో ఎమ్మెస్ చేయడానికి అమెరికా వచ్చాను. ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర క్యాసెట్లు కాపీ చేసుకుని వింటూ వింటూ రాక్ సంగీతం పిచ్చి పట్టుకుంది. 1994 జులైలో నలుగురు రూమ్మేట్లం కలిసి జెయింట్స్ స్టేడియంలో పింక్ ఫ్లాయిడ్ షోకి వెళ్లాం. టికెట్‌కి అయింది క్యాంపస్ క్యాంటీన్‌లో రెండు షిఫ్టుల జీతం. సీట్లు ఎక్కడో పైన. మనుషులు చీమల్లా కనిపించారు. అయినా అలాంటి రాత్రి మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా కాలం నాటి ఇంకో పెద్ద బ్యాండ్ వచ్చే వేసవిలో ఇటు వస్తోంది. వాళ్ల వయసు చూస్తే ఇదే ఆఖరు కావచ్చు. పాత రూమ్మేట్లు డాలస్ నుంచి, సియాటిల్ నుంచి విమానం ఎక్కి వస్తామంటున్నారు. ఆన్‌లైన్ క్యూలో పొద్దున్నంతా కూర్చుంటే చివరికి కిందవైపు ఒక్కో సీటు 680 డాలర్లని చూపించింది. నాకూ మా అబ్బాయికీ కలిపి 1,360. వాడికి 19 ఏళ్లు, గిటార్ వాయిస్తాడు, వాడికీ ఈ పాటలే ఇష్టం. "ఆ డబ్బుతో ఒకళ్లు ఇండియా వెళ్లి రావచ్చు" అంది మా ఆవిడ. "ఉన్నది ఒక్కటే జీవితం, కొనెయ్‌రా" అంటున్నారు స్నేహితులు. డబ్బు లేక కాదు, చేయి రావడం లేదు. ఇది పిసినారితనమా, వయసు మీద పడి పాతరోజులే గొప్పవనుకునే చాదస్తమా, లేక నిజంగానే మమ్మల్ని దోచుకుంటున్నారా? కొనమంటారా, వద్దంటారా?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

సమాధానం: నమస్తే అండీ. ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. ఆ 680 డాలర్ల సీట్లు కొనకండి. షోకి మాత్రం తప్పకుండా వెళ్లండి, అబ్బాయిని తీసుకుని మరీ వెళ్లండి. రెండూ ఎలా కుదురుతాయో చెప్తాను. అంతకంటే ముందు మీ ఉత్తరంలోని ఒక సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. 1994.

మీరు జెయింట్స్ స్టేడియంలో కూర్చున్న ఆ వేసవిలోనే అమెరికాలో టికెట్ల కథ అడ్డం తిరిగింది. 1980లో విడిపోయిన ఈగల్స్ బృందం ఆ ఏడాది మే నెలాఖరులో మళ్లీ కలిసి టూర్ మొదలుపెట్టింది. మంచి సీట్లకు 100 డాలర్ల పైన ధర పెట్టారు. అంతవరకూ పెద్ద రాక్ బ్యాండ్లు ఆ గీత దాటడానికి జంకేవి. ఈగల్స్ దాటింది, టికెట్లు అమ్ముడుపోయాయి, టూర్ 1996 దాకా నడిచింది. అడిగితే జనం ఇస్తారని ఈ వ్యాపారంలో ఉన్న అందరికీ తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే ఇంకో బ్యాండ్ ఎదురు తిరిగింది. జూన్ 30న పెర్ల్ జామ్ సభ్యులు స్టోన్ గాసర్డ్, జెఫ్ అమెంట్ వాషింగ్టన్‌లో కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ కంపెనీ మీద సాక్ష్యం చెప్పారు. వాళ్లు అడిగింది పెద్ద కోరికేం కాదు. తమ టికెట్ 18 డాలర్లు, దాని మీద సర్వీస్ చార్జి 1 డాలరు 80 సెంట్లు, అన్నీ కలిపి 20 దాటకూడదు. పెద్ద హాళ్లలో చాలా వాటికి టికెట్‌మాస్టర్‌తోనే ఒప్పందాలున్నాయి కాబట్టి ఆ కంపెనీని కాదని టూర్ చేయడం దాదాపు అసాధ్యమని వాళ్ల ఫిర్యాదు. న్యాయశాఖ విచారణ మొదలుపెట్టింది, మరుసటి ఏడాది జులైలో ఏమీ తేల్చకుండానే మూసేసింది. జెయింట్స్ స్టేడియంలో పింక్ ఫ్లాయిడ్ షోలు జరిగింది 1994 జులై 17, 18 తేదీల్లో. అంటే ఆ సాక్ష్యం తర్వాత మూడు వారాలు కూడా గడవలేదు. పాత పద్ధతి ముగిసిపోయే ముందు మీరు ఆఖరి వరుసలో నిలబడి దాన్ని చూశారు. కాబట్టి అప్పుడు ఒకలా ఉండేది, ఇప్పుడు ఇంకోలా ఉంది అని మీకు అనిపించడం చాదస్తం కాదు. నిజంగానే మారింది.

అయితే ఎంత మారింది అన్నది జాగ్రత్తగా చూడాలి. డాలర్లు పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏ పాత ధరైనా చవగ్గానే కనిపిస్తుంది. మీరు ఉత్తరంలో అంతకంటే మంచి కొలత వాడారు, షిఫ్టుల జీతం. దాంతోనే కొలుద్దాం. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ షోకి అన్నిటికంటే ఖరీదైన టికెట్ 5 డాలర్ల 65 సెంట్లు. అప్పటి కనీస వేతనం గంటకు డాలరుంపావు. అంటే నాలుగున్నర గంటల పని. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం మూడు రోజులకు ముందుగా కొన్న టికెట్ 18 డాలర్లు. గంటకు 1 డాలరు 60 సెంట్ల లెక్కన పదకొండు గంటల పైన, రోజుకు చూస్తే నాలుగు గంటల లోపు. అదే రోజుల్లో మన్‌హాటన్‌లో బిల్ గ్రాహం నడిపిన ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో మూడున్నర నుంచి ఐదున్నర డాలర్లకు సీటు దొరికేది. రెండు మూడు గంటలు అంట్లు తోమిన కుర్రాడు కూడా దర్జాగా లోపలికి వెళ్లగలిగేవాడు.

ఇప్పటికి వద్దాం. పోల్‌స్టార్ పత్రిక లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని మొదటి వంద టూర్ల సగటు టికెట్ ధర 135 డాలర్లు దాటింది. ఆ ఏడాది న్యూజెర్సీలో కనీస వేతనం 15 డాలర్ల 13 సెంట్లు. భాగిస్తే తొమ్మిది గంటలు. బీటిల్స్ రోజులకు రెట్టింపు. కానీ మీ రెండు షిఫ్టులు ఎనిమిది గంటలనుకుంటే, 1994లో మీరు చేసిన చాకిరీకి పెద్ద తేడా లేదు! మీకు చూపించిన 680 మాత్రం 45 గంటల చాకిరీ, అంటే వారం జీతం కంటే ఎక్కువ. మీ కోపానికి అసలు కారణం ఇక్కడుంది. సగటు సీటు ఖరీదెక్కింది, అయినా కష్టపడితే అందుతుంది. మంచి సీటు మాత్రం కష్టంతో అందే దూరం దాటిపోయింది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే మీ నిర్ణయం సగం తేలికైపోతుంది.

ఇలా ఎందుకైందో చెప్పాలి, ఎందుకంటే "దోచుకుంటున్నారా" అని అడిగారు.

మన ఊళ్లలో శ్రీరామనవమి పందిట్లో హరికథకో కచేరీకో టికెట్ ఉండదు. దాతలు, చందాలు ఆ ఖర్చు మోస్తారు కాబట్టి మనం చాప వేసుకుని కూర్చుని వింటాం. 1960, 70ల్లో రాక్ కాన్సర్ట్‌కి ఆ దాత రికార్డు కంపెనీ. అప్పట్లో టూర్ అంటే కొత్త ఆల్బమ్‌కి ప్రచారం. టూర్లో నష్టమొచ్చినా కంపెనీ డబ్బు సర్దేది, ఊరూరా తిరిగితే ఆ ఊళ్లో దుకాణాల్లో రికార్డులు అమ్ముడవుతాయని. కాబట్టి టికెట్ తక్కువ ఉంచితే అందరికీ లాభమే. మీ క్యాసెట్ సంగతే చూడండి, మీ సీనియర్ కొన్న ఒక్క టేపు నుంచి హాస్టలంతా కాపీలు తీసుకున్నా ఆ వ్యాపారం తట్టుకుంది, ఎందుకంటే అసలు టేపులు, సీడీలు కోట్లలో అమ్ముడుపోయేవి. 1999లో ఇంటర్నెట్‌లో పాటలు ఒకరికొకరు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ వచ్చాక ఆ కాపీ ఒక హాస్టల్‌కి కాదు, ప్రపంచానికంతటికీ వెళ్లడం మొదలైంది. రికార్డుల రాబడి కుప్పకూలింది. 2002లో గాయకుడు డేవిడ్ బోవీ న్యూయార్క్ టైమ్స్ ఇంటర్వ్యూలో ముందే చెప్పాడు, సంగీతం కుళాయి నీళ్లలా, కరెంటులా అయిపోతుంది, ఇక మనకు మిగిలేది టూర్లు చేయడమేనని. అలాగే జరిగింది. ఈ రోజు మీ అబ్బాయి నెలకు పది పన్నెండు డాలర్లు కట్టి ప్రపంచంలోని పాటలన్నీ వింటున్నాడు. 1994లో ఆ డబ్బుకు ఒక్క సీడీ వచ్చేది కాదేమో. అక్కడ మిగిలినదంతా ఇక్కడ గేటు దగ్గర వసూలవుతోంది.

ఆర్థికవేత్త అలన్ క్రూగర్ దీన్ని చాలా ఓపికగా లెక్కగట్టాడు. 1981 నుంచి 2012 మధ్య అమెరికాలో సగటు కాన్సర్ట్ టికెట్ దాదాపు 400 శాతం పెరిగితే మామూలు ధరలు 150 శాతం పెరిగాయి. ఆయన చెప్పిన ఇంకో లెక్క నాకు అంతకంటే ముఖ్యం అనిపిస్తుంది. 1982లో మొత్తం కాన్సర్ట్ ఆదాయంలో పైనున్న 1 శాతం కళాకారులకు వెళ్లేది 26 శాతం. 2003 వచ్చేసరికి 56 శాతం. అంటే ఖరీదెక్కింది సంగీతం మొత్తం కాదు, శిఖరం మీదున్న కొద్దిమంది. కింద చిన్న హాళ్లలో వాయించేవాళ్లు ఇప్పటికీ పాతిక ముప్పై డాలర్లకే వాయిస్తున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక మధ్యవర్తులు. టికెట్ అమ్మే కంపెనీ మీ దగ్గర తీసుకునే సర్వీస్ ఫీజులో కొంత హాలు యజమానికి వెనక్కి ఇస్తుంది. ఒప్పందాలన్నీ తన దగ్గరే ఉండేలా టికెట్‌మాస్టర్ 1980ల్లో వేసిన ఎత్తు అది. తిట్లు కంపెనీకి, డబ్బు అందరికీ. 2010లో ఆ కంపెనీ షోలు పెట్టే లైవ్ నేషన్‌తో కలిసిపోయింది. షో పెట్టేదీ, హాళ్లు చాలావరకు నడిపేదీ, టికెట్ అమ్మేదీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 2024 మేలో న్యాయశాఖ దీని మీదే గుత్తాధిపత్యం దావా వేసింది. పెర్ల్ జామ్ చెప్పిన మాటని ప్రభుత్వం తన నోటితో చెప్పడానికి 30 ఏళ్లు పట్టింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత గిరాకీని బట్టి ధర మారే పద్ధతి వచ్చింది. విమానం టికెట్లకు మనకు అలవాటైనదే. 2022 జులైలో మీ న్యూజెర్సీ మనిషే అయిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ టూర్‌కి కొన్ని సీట్లు 5,000 డాలర్ల దాకా చూపించాయి. కూలీనాలీ మనుషుల మీద పాటలు కట్టిన గాయకుడి షో అది. 1980 నుంచి నడుస్తున్న ఆయన అభిమానుల పత్రిక 'బ్యాక్‌స్ట్రీట్స్' ఆ బాధతోనే 2023లో మూతపడింది. 2024 ఆగస్టులో ఒయాసిస్ బ్యాండ్ టికెట్ల కోసం బ్రిటన్‌లో జనం గంటలకొద్దీ క్యూలో ఉన్నారు. 150 పౌండ్ల లోపు అనుకున్న నిలబడే చోటుకి చివరికి 355 పౌండ్లు కనిపించింది. పొద్దున్నంతా కూర్చున్నాక లేచిపోవడానికి మనసొప్పదు. కష్టపడి ఇంతసేపు ఉన్నాం కదా అని కార్డు నంబరు కొట్టేస్తాం. మీకు చేయి రాలేదంటే ఆ క్షణంలో మీరు తెలివిగా ఉన్నారని అర్థం. దానికి పిసినారితనం అని పేరు పెట్టుకోకండి.

"ఉన్నది ఒక్కటే జీవితం" అన్న మీ స్నేహితుల మాటని మాత్రం నేను కొట్టిపారేయను. రాక్ గాయకుడు టామ్ పెటీ 2017 సెప్టెంబరు 25న హాలీవుడ్ బౌల్‌లో టూర్ ముగించాడు, సరిగ్గా వారానికి పోయాడు. ఇంకో రాక్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ 2025 జులై 5న తన సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో సింహాసనం మీద కూర్చుని ఆఖరిసారి పాడి, ఆ నెల 22న కన్నుమూశాడు. ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడూ చూడలేమన్నది నిజం. అమ్మేవాళ్లకూ అది తెలుసు. మీ వయసు, మీ ఉద్యోగం, మీ పిచ్చి, అన్నీ తెలుసు. 1994లో పైవరుసలో కూర్చున్న కుర్రాళ్లే ఇప్పుడు జీతాలు పెరిగి, పిల్లలు పెద్దవాళ్లై, ఏ ధరకైనా సిద్ధంగా ఉంటారన్న లెక్క మీదే ఆ 680 నిలబడి ఉంది.

కానీ వాళ్లు అమ్ముతున్నది 1994 కాదండీ. ఆ స్టేడియాన్ని 2010లో కూల్చేశారు, ఆ స్థలం ఇప్పుడు మెట్‌లైఫ్ స్టేడియం పార్కింగ్. ఆ రాత్రి కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ 2008లో చనిపోయాడు. ఆ టూర్ తర్వాత పింక్ ఫ్లాయిడ్ మళ్లీ టూరే చేయలేదు. మీరు కొనబోయేది వేరే బ్యాండ్, వేరే రాత్రి. అది బాగుండవచ్చు, చాలా బాగుండవచ్చు. దాన్ని దాని విలువకే కొనండి. పాత రాత్రి విలువ కూడా దీనికి కలిపి కట్టకండి.

పాతవన్నీ బంగారం కాదని కూడా మీ అబ్బాయికి చెప్పాలి. షే స్టేడియంలో 55 వేల మంది అరుపుల్లో బీటిల్స్ ఏం వాయిస్తున్నారో వాళ్లకే వినిపించలేదు. 1969 డిసెంబరులో ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ ఉచితంగా వాయించారు. వేదిక కాపలా హెల్స్ ఏంజెల్స్ ముఠాకి అప్పగించారు, స్టేజీ ముందే ఒక యువకుణ్ని పొడిచి చంపేశారు. 1979 డిసెంబరు 3న సిన్సినాటిలో ది హూ బ్యాండ్ షోకి సీటు నంబర్లు లేని టికెట్లు అమ్మారు, ముందు వెళ్లినవాడికి ముందు చోటు. తలుపుల దగ్గర తోపులాటలో 11 మంది చనిపోయారు. ఈ రోజు మనం కట్టే డబ్బులో కొంత మంచి సౌండ్‌కి, సెక్యూరిటీకి, అంబులెన్స్‌కి కూడా పోతోంది. ఆ మేరకు నాకు అభ్యంతరం లేదు.

తలుచుకుంటే తగ్గించగలిగినవాళ్లూ ఉన్నారు. 1981లో టామ్ పెటీ ఆల్బమ్‌ని కంపెనీ ఒక డాలరు పెంచి 9.98కి అమ్మాలనుకుంటే ఆయన కుదరదన్నాడు, ఆల్బమ్‌కి 8.98 అనే పేరే పెడతానని బెదిరించాడు. కంపెనీ దిగొచ్చింది. 2023లో ది క్యూర్ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ 20 డాలర్ల నుంచి టికెట్లు పెట్టించాడు. కొన్నిచోట్ల ఫీజులే టికెట్ ధరను మించిపోయాయని బహిరంగంగా గొడవ చేస్తే టికెట్‌మాస్టర్ 5, 10 డాలర్ల చొప్పున వెనక్కి ఇచ్చింది. టికెట్ చేతులు మారకుండా కూడా కట్టడి చేశాడు, కానీ న్యూయార్క్‌తో పాటు మరికొన్ని రాష్ట్రాల్లో అలా ఆపడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి మీకు పక్కనే ఉన్న మాడిసన్ స్క్వేర్ గార్డెన్ షోలకు బ్లాక్ ఎప్పుడూ ఎక్కువే అనుకోండి. గుంటూరులో సినిమా హాలు ముందు చెవిలో గుసగుసగా చెప్పేవాడి బదులు ఇక్కడ దర్జాగా వెబ్‌సైట్ ఉంటుంది.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. ముందుగా మీ ఆవిడతో కూర్చుని ఒక అంకె అనుకోండి. క్యూలో కూర్చునే ముందే అనుకోవాలి, తెరమీద సీట్లు మెరుస్తుండగా కాదు. నా సలహా, మీ పాత రెండు షిఫ్టులే కొలతగా పెట్టుకోండి. ఎనిమిది తొమ్మిది గంటల కనీస వేతనం, అంటే ఫీజులన్నీ కలిపి ఒక్కో టికెట్‌కి 150 డాలర్ల లోపు. ఇద్దరికీ 300. ఈ అంకె చెప్తే ఇండియా టికెట్ మాట మీ ఇంట్లో మళ్లీ రాదనుకుంటున్నాను. ఆ డబ్బుకు వచ్చేవి పైవరుసలే. 1994లో కూడా మీరు అక్కడే కూర్చున్నారు, మనుషులు చీమల్లా కనిపించినా అలాంటి రాత్రి మళ్లీ రాలేదని మీరే రాశారు.

రెండోది, ఆ 680 ఎలాంటి ధరో మళ్లీ ఒకసారి చూడండి. ఒకే మ్యాప్‌లో అసలు టికెట్లూ, వేరేవాళ్లు తిరిగి అమ్ముతున్నవీ కలిపి చూపిస్తారు. పక్కన రీసేల్ అని ఉందా, ప్లాటినం అని ఉందా చదవాలి. రీసేల్ అయితే ఫిల్టర్‌లో రీసేల్ టికెట్లను తీసేసి అసలువి మిగిలాయేమో వెతకండి. ప్లాటినం అంటే సీటులో ప్రత్యేకత ఏమీ ఉండనక్కర్లేదు, గిరాకీని బట్టి పెంచిన ధర మాత్రమే. 2025 మే నుంచి అమెరికాలో ఫెడరల్ నిబంధన వచ్చింది, ఫీజులతో కలిపిన మొత్తం ధరే మొదట చూపించాలి. ఎక్కడైనా చివరి పేజీలో అంకె పెరిగితే అక్కడితో ఆపేయండి. హాలు కౌంటర్‌కి స్వయంగా వెళ్లి కొంటే చాలాచోట్ల ఫీజు తగ్గుతుంది, ఎడిసన్ నుంచి మీకు అదేం దూరం కాదు.

మూడోది, ఆగండి. స్టేజీ, స్పీకర్లు, కెమెరాలు ఎక్కడ పెట్టాలో తేలాక, వాటికోసం అట్టిపెట్టిన సీట్లను షోకి కొన్ని రోజుల ముందు, కొన్నిసార్లు అదే రోజు మామూలు ధరకు వదులుతారు. రీసేల్ వాళ్లు కూడా చేతిలో మిగిలిపోతాయన్న భయంతో ఆఖరి గంటల్లో తగ్గిస్తారు. స్టేడియం షో అయితే ఈ అవకాశం ఎక్కువ, ఎందుకంటే వేల సీట్లు. మీరు ఊళ్లోనే ఉంటారు కాబట్టి ఆగగలరు. డాలస్, సియాటిల్ వాళ్లు ఆగలేరు, వాళ్లని ముందే పైవరుసల్లో కొనుక్కోమనండి. నలుగురూ పక్కపక్కనే కూర్చోవాలన్న పట్టుదలే ధరని ఎక్కువ పెంచుతుంది. విడివిడిగా కూర్చోండి. మధ్యాహ్నం మీ ఇంట్లో భోజనాలు, రాత్రి షో తర్వాత తెల్లవారే దాకా కబుర్లు. దానికి సీటు నంబరు అక్కర్లేదు.

అప్పటికీ 150 లోపు దొరక్కపోతే వదిలేయండి. బాధపడుతూ కాదు, ఆ 300 డాలర్లు వేరేచోట పెట్టడానికి. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడికే. మీకు దగ్గర్లో హోమ్‌డెల్‌లో పీఎన్‌సీ బ్యాంక్ ఆర్ట్స్ సెంటర్ ఉంది. వెనక పచ్చిక మీద దుప్పటి పరుచుకుని కూర్చునే లాన్ టికెట్లు సీట్ల కంటే బాగా తక్కువ, వేసవికి ముందు ఒకవారం ఇంకా తగ్గించి అమ్ముతుంటారు కూడా. 70ల నాటి బ్యాండ్లు రెండు మూడు కలిసి ఒకే సాయంత్రం వాయించే టూర్లు ఎక్కువగా ఇలాంటిచోట్లకే వస్తాయి. ఇంకొంచెం ఓపికుంటే రెండు గంటలు పైకి డ్రైవ్ చేయండి, బెథెల్ వుడ్స్ వస్తుంది. 1969లో వుడ్‌స్టాక్ జరిగిన మాక్స్ యాస్గర్ పాల డెయిరీ పొలం అదే. ఇప్పుడు అక్కడ కాన్సర్ట్ వేదికా మ్యూజియమూ ఉన్నాయి, వాలు మీద లాన్ కూడా ఉంది. నాలుగు లక్షల మంది పైచిలుకు కూర్చున్న ఆ పచ్చికబయలు అలాగే ఉంచారు. గిటార్ వాయించే 19 ఏళ్ల కుర్రాడికి చూపించడానికి అమెరికాలో అంతకంటే మంచి చోటు నాకు తట్టడం లేదు.

పింక్ ఫ్లాయిడ్ పాటలే మళ్లీ ఆ లైట్ల మధ్య వినాలనుంటే అచ్చంగా వాటినే వాయించే బ్యాండ్లున్నాయి. ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో 1988లో అడిలైడ్‌లో మొదలైంది, పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ తన యాభయ్యో పుట్టినరోజుకి వాళ్లనే పిలిపించుకున్నాడు. నకలు అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేనలా చూడను. త్యాగరాజస్వామి లేరని ఆయన కీర్తనలు పాడటం మనం మానుకున్నామా?

ఆఖరుగా మీ అబ్బాయి సంగతి. వాడు మీ పాటలు వింటూ పెరిగాడు, మంచిదే. కానీ మీకు 1994లో దొరికిన దాంట్లో సగం సంతోషం అది మీ ఈడు వాళ్లతో, మీ సొంత సంపాదనతో, మీరే ఎంచుకుని వెళ్లడం. అది వాడికీ దక్కాలి. ఆస్‌బరీ పార్క్‌లో స్టోన్ పోనీ ఉంది, 1974 నుంచి నడుస్తున్న చిన్న హాలు, స్ప్రింగ్‌స్టీన్ ఎన్నోసార్లు అనుకోకుండా వచ్చి వాయించిన చోటు. ఈ ఏడాది అక్కడికి వచ్చే కొత్త బ్యాండ్లలో ఒకదాన్ని వాణ్నే ఎంచుకోమనండి. టికెట్లు వాడి క్యాంపస్ జీతంతో వాడే కొంటాడు, మీది కూడా. మీకు ఆ బ్యాండ్ పేరు తెలియకపోయినా ఫరవాలేదు, కారు మీరు నడపండి. స్టేజీకి పది అడుగుల దూరంలో నిలబడతారు, 680 డాలర్ల సీటులో కూడా అంత దగ్గర దొరకదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ మాత్రం ఇద్దరికీ కొనండి, పదీ పదిహేను డాలర్లకే మంచివి వస్తాయి. ది హూ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వినికిడి ఎలా దెబ్బతిందో మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, తెలియకపోతే చెప్పండి. చిన్న హాళ్లలో స్పీకర్లు చెవి పక్కనే ఉంటాయి.